కొండ గోరింక, ఈ.కోలై: ఒకే కొండల్లో రెండు కాలాలు

అడవి తగ్గిపోతోందని ఎవరైనా బాధపడితే పక్కనున్నవాళ్లు తరచూ ఒక మాట అంటారు: పక్షులు, జంతువులు ఏదోలా అలవాటు పడతాయిలే. మందు రెండు రోజులు వేసుకుని మానేసిన మనిషి గురించి చెప్పినా దాదాపు అదే ధోరణిలో జవాబు వస్తుంది: ఏం కాదులే, జ్వరం తగ్గింది కదా. రాయగడ, గుణుపురం, జయపురం, కొరాపుట్ వైపు తెలుగు ఇళ్లలోనూ ఈ రెండు మాటలూ వినపడుతూనే ఉంటాయి. రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే. బతికున్న ప్రాణులన్నీ మార్పుకి ఇంచుమించు ఒకే వేగంతో సర్దుకుంటాయని, ఆ వేగం మనకు తెలిసిన వేగమేనని.

ఆ నమ్మకం తప్పు. అది రెండు వైపుల నుంచీ దెబ్బ తీస్తోంది. పక్షి విషయంలో లేని ఓపికను ఉందనుకుంటున్నాం. సూక్ష్మజీవి విషయంలో ఉన్న వేగాన్ని లేదనుకుంటున్నాం. దక్షిణ ఒడిశా కొండల్లో ఉండే రెండు ప్రాణులను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది స్పష్టంగా అర్థమవుతుంది. ఒకటి కొండ గోరింక. రెండోది మనందరి పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా.

ఈ ప్రాంతం గురించి ఒక మాట. కొరాపుట్, జయపురం, రాయగడ, పర్లాకిమిడి ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. తెలుగు కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి, బంధుత్వాలు ఇటు పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళం దాకా సాగుతూనే ఉన్నాయి. ఆ గీత నీళ్లకూ లేదు, పక్షులకూ లేదు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి శ్రీకాకుళం జిల్లాలో సముద్రంలో కలుస్తాయి. కొండ గోరింక ఇటు ఉత్తరాంధ్ర కొండల్లోనూ, అటు కొరాపుట్ వైపూ, ఇంకా పైన బస్తర్‌లోనూ ఉండే పక్షి. అందుకే ఇక్కడ చెప్పుకునే విషయం ఒక రాష్ట్రానిది కాదు.

కొండ గోరింకను ఊళ్లో తిరిగే మామూలు గోరింకతో పొరపాటు పడకూడదు. ఇది దానికన్నా కాస్త పెద్దది, నిగనిగలాడే నలుపు. ముక్కు నారింజ రంగు, కాళ్లు పసుపు. తల వెనక పసుపు రంగు చర్మం వేలాడుతూ ఉంటుంది. ఎగిరేటప్పుడు రెక్క మీద తెల్లటి మచ్చ కనిపిస్తుంది. నేల మీద నడిచి పురుగులేరుకునే అలవాటు దీనికి లేదు. ఎక్కువ భాగం చెట్ల పైకొమ్మల్లోనే గడుపుతుంది. మర్రి, జువ్వి, రావి లాంటి చెట్ల పళ్లంటే ప్రాణం. పూల తేనె, పురుగులు కూడా తింటుంది. పండు తిని గింజను వేరేచోట వదలడం వల్ల అడవికి ఇది విత్తనాలు చల్లే పని చేస్తుంది.

గూడు దీని బతుకులో అసలు కీలకం. కొమ్మల మీద పుల్లలతో కట్టుకోదు. చెట్టు తొర్రలో పెడుతుంది. వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిన తొర్ర కావచ్చు, కొమ్మ విరిగి కుళ్లిన చోట ఏర్పడింది కావచ్చు. ఏదైనా సరే, దాన్ని సొంతంగా తొలుచుకునే ముక్కు దీనికి లేదు. రెండు మూడు గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ పొదుగుతారు, ఇద్దరూ మేపుతారు. పొదగడానికి రెండు వారాలు, పిల్ల గూడు వదలడానికి ఇంకో నాలుగు వారాలు పడుతుంది. ఆ పిల్ల మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి రెండు మూడేళ్లు. ఈ లెక్కలో ఎక్కడా తొందర లేదు. ఒక జంట ఏడాదంతా కష్టపడి ఒక పిల్లను బతికించుకుంటే అది మంచి ఏడాదే.

ఇక రెండో ప్రాణి. 1885లో థియోడర్ ఎషెరిక్ అనే పిల్లల డాక్టర్ పసిబిడ్డల మలంలో దీన్ని గుర్తించాడు. తర్వాత ఆయన పేరే దానికి స్థిరపడింది: ఎషెరీషియా కోలై, వాడుకలో ఈ.కోలై. పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు, అంటే ఒక మిల్లీమీటరును 500 భాగాలు చేస్తే అందులో ఒకటి. బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లోనే పేగుల్లోకి చేరి, జీవితాంతం ఉండిపోతుంది. దీన్ని జబ్బు క్రిమి అని ఒక్క ముక్కలో తేల్చేయడం అన్యాయం. ఇందులో చాలా రకాలు ఏ హానీ చేయవు. పేగులోకి చేరే కొద్దిపాటి ఆక్సిజన్‌ని వాడేసి, గాలి తగిలితే బతకలేని మిగతా బ్యాక్టీరియాకు చోటు కల్పిస్తాయి. విటమిన్ కె కూడా కొంత తయారు చేస్తాయి. పేగుల్లో ఉన్న మొత్తం బ్యాక్టీరియాలో దీని వాటా ఒక శాతం కన్నా తక్కువే. అయినా మనం విసర్జించే ప్రతి గ్రాములోనూ దీని సంఖ్య కోట్లలో ఉంటుంది.

ఇది మనకు చేసిన మేలు కూడా చిన్నది కాదు. మనిషి ఇన్సులిన్ జన్యువును దీనిలో చేర్చి 1978లో ఇన్సులిన్ తయారు చేశారు. 1982 నుంచి అది మందుగా అమ్మకానికి వచ్చింది. ఈనాటికీ షుగర్ రోగులు వేసుకునే ఇన్సులిన్‌లో కొంత ఈ బ్యాక్టీరియా తయారు చేసి పెడుతున్నదే. హాని చేసే రకాలు మాత్రం గట్టిగానే చేస్తాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యేది ఇదే. కొన్ని రకాలు విరేచనాలు తెస్తాయి, కొన్ని రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెస్తాయి.

ఇరవై నిమిషాలు, మూడేళ్లు

తిండి, వెచ్చదనం బాగా దొరికితే ఈ.కోలై కణం సుమారు 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. ఒక్క కణంతో మొదలుపెడితే 7 గంటల్లో 20 లక్షలు దాటుతుంది. 10 గంటల్లో వంద కోట్లు. ప్రయోగశాల బయట ఇంత జోరు ఎక్కువసేపు సాగదు. పేగుల్లో తిండికి పోటీ ఉంటుంది, అక్కడ రోజుకు కొన్నిసార్లు మాత్రమే చీలుతుంది. ఆ నెమ్మది వేగంతో లెక్కేసినా ఒక ఏడాదిలో వందల తరాలు గడిచిపోతాయి. కొండ గోరింకకు ఆ ఏడాదిలో ఒక తరం కూడా పూర్తికాదు.

తరాల లెక్క ఎందుకు ముఖ్యమంటే, వంశపారంపర్యంగా వచ్చే మార్పు తరం మారినప్పుడే జరుగుతుంది. జన్యు సమాచారం డీఎన్ఏలో అక్షరాల్లా వరుసగా ఉంటుంది. దాన్ని నకలు తీసేటప్పుడు అక్కడక్కడా అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పుల్లో ఎక్కువభాగం దేనికీ పనికిరానివి, కొన్ని నష్టం చేసేవి, ఎప్పుడో ఒకటి పనికొచ్చేది. ఈ.కోలై జన్యు సమాచారం దాదాపు 46 లక్షల అక్షరాలు. 1997లో ఒక రకం ఈ.కోలైని పూర్తిగా చదివినప్పుడు అందులో ప్రోటీన్లు తయారు చేసే జన్యువులు 4,300 దాకా తేలాయి. పక్షుల్లో ఆ సమాచారం వంద కోట్ల అక్షరాలు దాటుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. తలసరి లెక్క చూస్తే పక్షే ఎక్కువ మారుతుంది. ప్రతి పిల్లలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త అక్షర మార్పులు కొన్ని ఉంటాయి. ఈ.కోలైలో అయితే సుమారు వెయ్యి విభజనలకు ఒక తప్పు మాత్రమే పడుతుంది. నకలు తీయడంలో అది చాలా జాగ్రత్త గల ప్రాణి. దాని బలం తప్పులు ఎక్కువ చేయడంలో లేదు, గుంపులో ఉంది. వంద కోట్ల కణాలు ఒకసారి చీలాయంటే ఆ ఒక్క విడతలోనే సుమారు 10 లక్షల కొత్త మార్పులు పుట్టినట్టు. మొత్తం అక్షరాలు 46 లక్షలే కాబట్టి, నాలుగైదు విడతలు గడిచేసరికి దాదాపు ప్రతి అక్షరమూ ఆ గుంపులో ఎక్కడో ఒకచోట మారి ఉంటుంది. అంటే రేపు రాబోయే మందును తట్టుకోవడానికి కావలసిన చిన్న మార్పు ఏదైనా ఉంటే, అది ఆ మందు రాకముందే ఏదో ఒక కణంలో ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ఇది ఊహ కాదు. 1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రూక్ ఈ.కోలై మీదే ప్రయోగం చేసి రుజువు చేశారు. వైరస్ దాడిని తట్టుకున్న బ్యాక్టీరియా దాడి చూశాక మారలేదు, అంతకుముందే మారి ఉన్నాయి. దాడి చేసిన పనల్లా మిగతావాటిని చంపి, తట్టుకున్నవాటికి చోటు ఖాళీ చేయడమే. యాంటీబయాటిక్ కూడా అంతే. అది బ్యాక్టీరియాకు ఏమీ నేర్పదు, వడగడుతుంది. రెండు రోజుల మందుతో జ్వరం తగ్గినవాడి శరీరంలో జరిగే ప్రమాదం ఇదే. తేలిగ్గా చచ్చేవి చచ్చిపోయి, గట్టివి మిగిలి, ఖాళీ అయిన చోటంతా వాటిదే అవుతుంది.

ఈ వేగాన్ని కళ్లారా చూసేందుకు అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ 1988 ఫిబ్రవరిలో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఒకే కణం సంతతిని 12 ఫ్లాస్కుల్లో వేసి, రోజూ కొంచెం తీసి కొత్త తిండిలో వేస్తూ పోయారు. ఆ తిండి ద్రవంలో గ్లూకోజ్‌తోపాటు సిట్రేట్ కూడా ఉంది, కానీ ఆక్సిజన్ ఉన్నచోట ఈ.కోలై సిట్రేట్‌ను తినలేదు. ఆ జాతిని గుర్తుపట్టే లక్షణాల్లో అదొకటి. సుమారు 31,500 తరాల తర్వాత, 2003 ప్రాంతంలో, 12 ఫ్లాస్కుల్లో ఒకదానిలోని బ్యాక్టీరియా సిట్రేట్ తినడం మొదలుపెట్టింది. అంత పెద్ద మార్పుకు పదిహేనేళ్లు పట్టింది. అదే పదిహేనేళ్లలో కొండ గోరింకకు అయిదారు తరాలు గడిచి ఉంటాయి.

ఆ ప్రయోగంలోనే ఇంకో సంగతి ఉంది. ప్రతి 500 తరాలకోసారి బ్యాక్టీరియా నమూనాలను గడ్డకట్టించి దాచారు. కావాలనుకున్నప్పుడు పాతవాటిని బయటికి తీసి కరిగిస్తే మళ్లీ బతికి చీలడం మొదలుపెడతాయి. సిట్రేట్ తినే గుణం ఎక్కడ, ఏ మెట్టు మీద పుట్టిందో అలా వెనక్కి వెళ్లి వెతికారు. కొండ గోరింకను అలా దాచి, పాతికేళ్ల తర్వాత బయటికి తీసి ఎగరేయలేం. ఒక కొండ మీద ఆఖరి జంట పోతే, ఆ కొండకు సంబంధించినంత వరకు అది శాశ్వతం.

పక్కవాడి నుంచి నేర్చుకోవడం

ఇంత తేడా ఉన్న ఈ రెండు ప్రాణుల్లో ఆశ్చర్యంగా ఒక పోలిక ఉంది. రెండూ తల్లిదండ్రుల నుంచి వచ్చినదానితో సరిపెట్టుకోవు. ఇరుగుపొరుగు నుంచి తీసుకుంటాయి.

కొండ గోరింక పంజరంలో మనిషి మాటను అచ్చుగుద్దినట్టు పలుకుతుంది. ఆ పేరు ఎంత వ్యాపించిందో అంత కీడు దానికి జరిగింది. అడవిలో మాత్రం అది వేరే పక్షులను అనుకరించదు. తన జాతిలోనే, చుట్టుపక్కల ఉండే తోటి పక్షుల కూతలు నేర్చుకుంటుంది. ఒక్కో పక్షికి 3 నుంచి 13 దాకా ప్రత్యేకమైన కూతలుంటాయి. మగవి దగ్గరి మగవాటి నుంచి, ఆడవి ఆడవాటి నుంచి చిన్నప్పుడే నేర్చుకుంటాయి. ఫలితంగా ప్రతి లోయకూ ఒక యాస ఏర్పడుతుంది. 15 కిలోమీటర్ల దూరం దాటితే రెండు చోట్ల పక్షులకు ఉమ్మడి కూత ఒక్కటి కూడా ఉండదు. రాయగడ సంతలో తెలుగు, ఒడియా, కువి మాటలు ఒకే బేరంలో దొర్లుతూ, ఎవరి మాట ఎవరికి అంటుకుందో తెలియకుండా పోతుంది కదా, అలాంటి ఇచ్చిపుచ్చుకోవడమే ఇది. కాకపోతే కొండ గోరింకలో ఆ మార్పిడి చుట్టుపక్కల నాలుగు కొండలకు మించి పోదు.

దీని అర్థం ఏమిటంటే, ఒక లోయలో కొండ గోరింకలు అంతరిస్తే వాటి జన్యువులే కాదు, ఆ లోయ కూతలు కూడా పోతాయి. తర్వాత ఎక్కడి నుంచో కొన్నిటిని తెచ్చి వదిలినా అవి తమ కూతలే కూస్తాయి. నేర్పేవాళ్లు లేని చోట నేర్చుకునేవాళ్లు ఉండరు. పక్షుల సంఖ్య మాత్రమే చూసే లెక్కల్లో ఈ నష్టం ఎక్కడా నమోదు కాదు. అది నమోదు కావలసిన నష్టమే.

ఈ.కోలై తీసుకునేది కూత కాదు, జన్యువునే తీసుకుంటుంది. రెండు కణాలు సన్నని గొట్టంలాంటి వంతెనతో కలుసుకుని జన్యు సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయని 1946లో జాషువా లెడర్‌బర్గ్, ఎడ్వర్డ్ టేటమ్ చేసిన ప్రయోగాల నుంచి అర్థమవుతూ వచ్చింది. ఇలా చేతులు మారేవాటిలో ముఖ్యమైనవి ప్లాస్మిడ్లు. ఇవి గుండ్రంగా చుట్టుకున్న చిన్న డీఎన్ఏ ముక్కలు, కణం అసలు జన్యు సమాచారానికి వేరుగా ఉంటాయి. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు రకాల మందులను తట్టుకునే జన్యువులు కూడా ఉండొచ్చు. 1950ల చివరలో జపాన్‌లో రక్త విరేచనాల రోగుల్లో దీన్ని మొదట గమనించారు. షిగెల్లా అనే బ్యాక్టీరియా ఒకేసారి చాలా మందులకు లొంగకుండా పోయింది. వెతికితే ఆ గుణం ఈ.కోలై, షిగెల్లాల మధ్య అటూ ఇటూ మారుతోందని తేలింది.

ఇక్కడ జాతి అనే గోడ దాదాపు లేనట్టే. కొండ గోరింకకు ఊరి గోరింక ఒకే కుటుంబానికి చెందిన బంధువు, అయినా దాని జన్యువులు దీనికి రావు. ఈ.కోలైకి అలాంటి అడ్డు చాలా తక్కువ. రెండు వేర్వేరు రకాల ఈ.కోలైని తీసుకుంటే వాటి జన్యువుల్లో చెప్పుకోదగ్గ భాగం ఒకదానిలో ఉన్నది మరోదానిలో ఉండదు. ప్రపంచంలోని రకాలన్నిటిలో తప్పకుండా కనిపించే ఉమ్మడి జన్యువులు సుమారు రెండు వేలు మాత్రమే. మిగతావన్నీ వచ్చీపోయే సరుకు.

ఈ మార్పిడి మన కాలంలో ఎంత దూరం పోయిందో చెప్పడానికి రెండు సంఘటనలు చాలు. చివరి ఆశగా దాచుకునే కార్బపెనెమ్ మందులను పనిచేయకుండా చేసే ఎన్డీఎం-1 అనే జన్యువు గురించి 2009లో ప్రపంచానికి తెలిసింది. తర్వాత 2015లో కొలిస్టిన్ మందును తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువును చైనాలో పందుల్లో, మాంసంలో, రోగుల్లో ఉన్న ఈ.కోలైలో కనుగొన్నారు. కొలిస్టిన్ పాతకాలపు మందు, మిగతావన్నీ విఫలమైనప్పుడు డాక్టర్లు తిరిగి బయటికి తీసింది. దాన్నే కోళ్లకు, పశువులకు ఏపుగా పెరగడానికని దాణాలో కలిపేవారు. భారత ప్రభుత్వం 2019లో పశువుల్లో, కోళ్లలో, చేపల్లో దాని వాడకాన్ని నిషేధించింది. ఆ నిర్ణయం సరైనదే. కానీ ప్లాస్మిడ్ ఒకసారి తిరగడం మొదలుపెట్టాక నిషేధం దాన్ని వెనక్కి పిలవలేదు.

ఊరి గోరింక సంగతి

ఈ వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. పక్షులు సర్దుకోలేవంటే మామూలు గోరింక సంగతేమిటి? జయపురం బస్టాండులోనూ బరంపురం వీధుల్లోనూ అది హాయిగా బతుకుతోంది. గోడ కన్నంలో, ఏసీ పెట్టె సందులో, వీధి దీపం డొప్పలో గూడు పెడుతుంది. ఏది దొరికితే అది తింటుంది. మనుషులు ఆస్ట్రేలియాకు తీసుకెళ్లి వదిలితే అక్కడ కూడా పాతుకుపోయి, అక్కడి పక్షుల తొర్రలనే ఆక్రమించింది. ప్రపంచంలో అతి ఎక్కువ హాని చేసే వంద చొరబాటు జాతుల జాబితాలో దాని పేరు కూడా ఉంది.

నిజమే. కానీ ఊరి గోరింక మన కాలంలో మారి ఇలా తయారవలేదు. పొలాల్లో, పశువుల మందల వెంట, బయలు ప్రదేశాల్లో బతికే గుణాలు దానికి ముందే ఉన్నాయి. మనం అడవి నరికి, పొలాలూ ఊళ్లూ పెంచి దానికి కావలసిన లోకాన్ని విస్తరింపజేశాం, అంతే. కొండ గోరింకకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకమైన లోకం. ఎత్తైన చెట్లు, వాటిలో పాత తొర్రలు, ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పండుతూ ఉండే అడవి. ఒక బంధువు గెలిచాడు కాబట్టి రెండోవాడూ గెలుస్తాడని లెక్క కట్టడం కుదరదు. పక్షి బతికుండగానే తెలివితో కొంత సర్దుకోగలదు, ఆ తెలివి కొండ గోరింకకు తక్కువేమీ కాదు. లేని తొర్రను మాత్రం ఏ తెలివీ పుట్టించలేదు.

కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి జిల్లాల్లో ఆ పాత లోకం చాలా చోట్ల చెదిరింది. మాచ్‌ఖండ్, బలిమెల, కొలాబ్ జలాశయాల కింద లోయలు మునిగాయి. గనుల కోసం, రోడ్ల కోసం కొండలు తవ్వారు. పోడును నిందించడం అందరికీ తేలిక. కానీ పాతకాలపు పోడులో ఒక చోట రెండు మూడేళ్లు సాగుచేసి, చాలా ఏళ్లు వదిలేసేవారు. ఇప్ప, మామిడి, పనస, చింత లాంటి పెద్ద చెట్లను చాలాచోట్ల నరక్కుండా ఉంచేవారు. నీలగిరి తోటల్లో ఆ మాత్రం కూడా దక్కదు. పైనుంచి తీసిన ఫోటోలో అది పచ్చగానే ఉంటుంది, లెక్కల్లో చెట్ల కింద విస్తీర్ణం పెరిగినట్టే కనబడుతుంది. కొన్నేళ్లకోసారి నరికే చెట్టుకు తొర్ర పడదు, దాని మీద పండే పండు కొండ గోరింక తినేది కాదు. అడవి పెరిగిందన్న లెక్కకూ కొండ గోరింకకు గూడు దొరకడానికీ సంబంధం లేదని గట్టిగా చెప్పాల్సిన పరిస్థితి ఇది.

దీనికి తోడు పంజరం వ్యాపారం. మగ ఆడ చూపుకు ఒకేలా ఉంటాయి. జంట కుదర్చడం కష్టం, పంజరంలో పిల్లలు పుట్టించడం ఇంకా కష్టం. అందుకే అమ్మకానికి వచ్చేవి చాలావరకు అడవి గూళ్లలోంచి తీసిన పిల్లలే. పిల్లలను తీయడానికి తొర్రను గొడ్డలితో పగలగొడితే ఆ ఏడాది పిల్లలతోపాటు రాబోయే ఏళ్ల గూడు కూడా పోతుంది. అంతర్జాతీయ వ్యాపారంపై 1997లో ఆంక్షలు వచ్చాయి. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, అమ్మడం నేరం. ఛత్తీస్‌గఢ్ బస్తర్ కొండ గోరింకను తమ రాష్ట్ర పక్షిగా పెట్టుకుంది. దక్షిణాసియా నుంచి ఆగ్నేయాసియా దాకా విస్తరించిన జాతి కాబట్టి ప్రపంచ స్థాయి జాబితాలో దీన్ని ఇంకా ప్రమాదంలో ఉన్నదిగా చూపించరు. ఆ జాబితా చూసి కొరాపుట్ కొండల్లో నిశ్చింతగా ఉండటం తప్పు. జాతి మొత్తం బతికే ఉండి, ఒక ప్రాంతంలో మాత్రం మాయమవడం చాలా మామూలుగా జరిగే విషయం.

నీళ్ల దగ్గర తెగే లెక్క

మనిషి వైపు నుంచి చూస్తే ఈ కొండల్లో ఈ.కోలై కథ నీళ్ల దగ్గరే ఎక్కువగా నడుస్తుంది. వానాకాలంలో కొండవాలు మీది మలినమంతా చెలమల్లోకి, వాగుల్లోకి, లోతు తక్కువున్న బావుల్లోకి దిగుతుంది. 2007లో రాయగడ, కొరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా వచ్చి ఎందరో చనిపోయారు. కలరా క్రిమి వేరు, ఈ.కోలై వేరు. కానీ రెండూ వచ్చే దారి ఒకటే. అందుకే తాగే నీటిలో మలం కలిసిందా లేదా అని తేల్చడానికి ప్రపంచమంతా ఈ.కోలైనే గుర్తుగా వాడతారు. మన దేశ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో అది ఒక్కటి కూడా కనపడకూడదు.

ఈ క్రిమిని మందుతో వెంటాడి గెలవడం కష్టమని పై లెక్కలన్నీ చెబుతున్నాయి. యాంటీబయాటిక్ అనేది కణంలోని ఏదో ఒక యంత్రాన్ని ఆపే చిన్న పదార్థం. ఆ యంత్రం ఆకారం కొంచెం మారినా, మందును బయటికి తోసే పంపు ఒకటి దొరికినా, మందును ముక్కలు చేసే ఎంజైమ్ ఒకటి పక్కవాడి నుంచి వచ్చినా ఆట మారిపోతుంది. మరిగే నీటి సంగతి అలా కాదు. అది ఒక్క యంత్రాన్ని కాదు, కణంలోని ప్రోటీన్లన్నిటినీ ఒకేసారి పాడుచేస్తుంది. దాన్ని తట్టుకునే జవాబు ఈ.కోలై మార్చుకునే ఏ ప్లాస్మిడ్ మీదా లేదు. సరిపడా క్లోరిన్, సబ్బుతో చేతులు కడగడం, నీళ్లకు దూరంగా కట్టిన మరుగుదొడ్డి కూడా ఇదే కోవలోవి. వీటిని ఆరోగ్య ప్రచారంలో పాతబడిన మాటలుగా చూస్తున్నారు. కొత్త మందు కన్నా ఇవే పదునైన ఆయుధాలు, ఎందుకంటే ఎన్ని తరాలు గడిచినా వీటి పదును తగ్గదు.

మందు అవసరమైనప్పుడు తప్పకుండా వాడాల్సిందే. మూత్రంలో మంట, చలిజ్వరం అని మెడికల్ షాపుకు వెళ్లి నాలుగు బిళ్లలు తెచ్చుకోవడం దగ్గరే తేడా వస్తోంది. 2014 నుంచి చాలా యాంటీబయాటిక్‌లను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మినదాని వివరం రిజిస్టర్‌లో రాయాలని నిబంధన ఉంది. ఊళ్లలో అది ఎంతవరకు అమలవుతోందో అందరికీ తెలిసిందే. దగ్గర్లో డాక్టర్ లేక ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లేవాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. గుణుపురం అవతల కొండ ఊరి నుంచి పరీక్ష చేసే ల్యాబ్ దాకా రావడానికి ఒక కూలి రోజు పోతుంది. ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్ష ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు రోగి ఆగలేడు. జిల్లా ఆస్పత్రుల్లో ఈ పరీక్ష తేలిగ్గా దొరకడం, ఏ మందులు ఈ ప్రాంతంలో ఇంకా పనిచేస్తున్నాయో ఆ ఫలితాల నుంచి లెక్క తీసి చుట్టుపక్కల డాక్టర్లకు, ఆర్‌ఎంపీలకు, ఆశా కార్యకర్తలకు తెలియజేయడం చేయదగ్గ పని. నదులు దిగువకే పారుతాయి కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆస్పత్రులు కూడా ఆ లెక్కలో ఉండాలి.

పక్షి కోసం చేయాల్సింది ఇంతకన్నా తక్కువ ఖర్చుతో అయ్యేదే. ఎక్కడైనా పాత చెట్లు నరకబోయే ముందు వాటిలో తొర్రలున్నవి ఎన్నో చూడాలి. ఎండిపోయిందని, వంకరగా ఉందని, కలపకు పనికిరాదని ముందుగా కొట్టేసేది అలాంటి చెట్లనే. అడవి శాఖ మొక్కలు నాటేటప్పుడు మర్రి, జువ్వి, రావిని పక్కన పెట్టకూడదు. ఇవి కలపకు పనికిరావు, కానీ వేరే పళ్లు లేని నెలల్లో పక్షులకు ఇవే ఆధారం. నాటిన మొక్కకు తొర్ర పడాలంటే ఎన్నో దశాబ్దాలు కావాలి. కొండ గోరింకలు అంతకాలం గూడు లేకుండా ఉండలేవు.

ఈ మధ్య కాలాన్ని దాటించడానికి ఒక దారి మేఘాలయలోని గారో కొండల్లో ఎప్పటి నుంచో ఉంది. అక్కడివాళ్లు చీల్చిన వెదురుతో బుట్ట అల్లి, దానికి గడ్డి కప్పి, ఊరి చివర ఎత్తైన చెట్లకు కట్టేవారు. కొండ గోరింకలు వచ్చి వాటిలో గుడ్లు పెట్టేవి. వాళ్లు అది పిల్లలను తీసి పెంచడానికి, అమ్మడానికి చేశారు. ఆ అమ్మకం ఇప్పుడు చట్టం ఒప్పుకోని పని. అయినా ఈ పక్షి మనిషి అల్లిన గూటిని నమ్ముతుందని దానితో తెలిసింది. కొరాపుట్, రాయగడ కొండల్లో వెదురుకూ కొదవ లేదు, బుట్టలల్లే చేతులకూ కొదవ లేదు. గుడ్లు పెట్టే కాలం వేసవిలో మొదలవుతుంది కాబట్టి ఆ బుట్టలు మాఘ ఫాల్గుణాల్లోనే చెట్లెక్కాలి. అల్లినవాళ్లకు కూలి, పిల్లలు ఎగిరిపోయేదాకా కాపలా కాసిన ఊరికి కొంత డబ్బు అడవి శాఖ ఇచ్చే ఏర్పాటు ఉంటే, పంజరం కోసం పిల్లలను తీసే చేతులే వాటిని కాపాడే పనిలోకి వస్తాయి.